కుక్కే ఎరగని దీవులకు కుక్కతో

అండమాన్ మనుషులకు కుక్క తలకాయలుంటాయని 13వ శతాబ్దం చివర్లో మార్కోపోలో చెప్పాడు. కళ్లు, పళ్లు కూడా కుక్కవేనట! ఎవరో చెప్పింది విని ఉంటాడు. తమాషా ఏమిటంటే, ఆ రోజుల్లో అండమాన్ అడవుల్లో మనుషులున్నారు, పందులున్నాయి. లేనిదల్లా కుక్కే.

1858లో బ్రిటిష్‌వాళ్లు పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం పెట్టాక, వాళ్ల వెంటే కుక్కా ఒడ్డుకు దిగింది. దీవులవాళ్లు దాన్ని ఇట్టే వేటలోకి దింపారు. వాసన పట్టి, తరిమి, పందిని నిలేసి మొరిగే తోడు దొరికితే విల్లు పట్టినవాడికి సగం శ్రమ తప్పినట్టే కదా. లిటిల్ అండమాన్‌లోని ఓంగీ తెగవాళ్లకూ కుక్క వేటతోడైంది. జారవా తెగవాళ్లు మాత్రం చాలాకాలం దాని సాయం లేకుండానే పందుల్ని కొట్టారు.

1890లో వచ్చిన షెర్లాక్ హోమ్స్ నవల ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లో అండమాన్ నుంచి పారిపోయిన ఖైదీ, అతని వెంట ఒక దీవివాసి లండన్ చేరతారు. వాళ్ల జాడ తీయడానికి హోమ్స్ తెప్పించేది టోబీ అనే కుక్కని! దీవివాసి పొరపాటున క్రియోసోట్ అనే ఘాటువాసన నూనెలో కాలుపెట్టి దొరికిపోతాడు.

మన దేశంలో రేబిస్ లేని చోట్లుగా పేరుపడ్డవి అండమాన్ నికోబార్, లక్షద్వీప్. అందుకే ఇక్కడి నుంచి కుక్కని తీసుకెళ్లేవాళ్లకి టీకా కాగితం టిక్కెట్టు కంటే ముఖ్యం అంటాను.

ఎండాకాలం ప్రయాణమంటే తొందరపడాలి. మనకు రోహిణి కార్తెలో రోళ్లు పగిలే వేళకి అక్కడ నైరుతి రుతుపవనం దిగి వాన మొదలైపోతుంది. అంతకుముందు ఎండ మరీ మాడ్చదు గానీ, ఉక్కపోత మాత్రం బొచ్చుకుక్కకి నరకమే.

దీవుల్లో జాతీయ ఉద్యానాలు 9. పులి లేదు, చిరుత లేదు. సౌత్ బటన్ ఐలాండ్ ఉద్యానం 0.03 చదరపు కిలోమీటర్లు, అంటే ఏడున్నర ఎకరాల లోపే. మన వైపు ఒక మోస్తరు రైతు చెక్కంత!

పులి లేకపోతే కుక్కని తీసుకెళ్తే ఏం అంటారా? తాబేళ్లున్నాయి. ఉత్తర అండమాన్‌లో డిగ్లీపూర్ దగ్గర కాలీపూర్ ఒడ్డుకి నాలుగు జాతుల సముద్రతాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రివేళ తల్లి తాబేలు వెనక కాళ్లతో మూరెడు లోతు గుంట తవ్వి, వందకు అటూఇటూ గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, మళ్లీ నీళ్లలోకి జారుకుంటుంది. మన కంటికి ఆ గుంట ఆనదు. కుక్క ముక్కుకి తెల్లారేలోగా తెలిసిపోతుంది, ముందుకాళ్లతో నాలుగు గీకులు చాలు. అందుకే అటవీశాఖవాళ్లు రాత్రుళ్లు తిరిగి గుడ్లు ఏరి, కంచె వేసిన హేచరీలో పూడ్చిపెడతారు. నెలన్నర, రెండు నెలలకు పిల్లలు బయటికొస్తాయి. సరిగ్గా ఎండాకాలం మొదట్లో, మనం సెలవులు లెక్కపెట్టుకునే రోజుల్లో. మన శ్రీకాకుళం, విశాఖ ఒడ్డునా తాబేలు గుడ్లకు ఇదే కుక్కల బెడద. “మా టామీ ఏమీ చేయదండీ” అనేవాళ్లు ఒక్కసారి ఆ ఇసుక చూడాలి.

మన జాతీయ ఉద్యానాల్లోకి పెంపుడు కుక్కల్ని మామూలుగా రానివ్వరు. చాదస్తం కాదది. 2018లో గుజరాత్ గిర్ అడవిలో వారాల వ్యవధిలో 23 సింహాలు చచ్చిపోయాయి. వాటిలో కొన్నింటికి డిస్టెంపర్ అనే కుక్కల వైరస్ సోకినట్టు తేలింది. అమెరికాలో కొంత వెసులుబాటు ఉంది: అక్కడి మన తెలుగువాళ్లు ఆరడుగుల తాడు కట్టి ఉద్యానాల రోడ్ల మీద, కార్లు ఆపేచోట కుక్కని తిప్పుకోవచ్చు, కాలిబాటల మీద మాత్రం చాలాచోట్ల కుదరదు.

మళ్లీ అండమాన్‌కే వస్తే, వండూర్‌లోని మహాత్మాగాంధీ సముద్ర ఉద్యానం 1983లో ఏర్పడింది, 15 దీవులు దాని కిందికొస్తాయి. వాటిలో జాలీబాయ్ దీవికి పడవ ఎక్కే ముందు ప్లాస్టిక్ కోసం సంచులు వెతుకుతారు, ఇక కుక్క సంగతి చెప్పేదేముంది! ఉద్యానం బయట ఒడ్డున తిప్పుదామన్నా నీటి అంచుకి వదలకండి. ఈ దీవుల్లో ఉప్పునీటి మొసళ్లున్నాయి, వాటికి కుక్క మంచి భోజనం.