గోడ పక్కన నీళ్లు నిలిస్తే పునాది ఎందుకు కదులుతుంది?

తెలంగాణలో ఎర్రచెలకలతోపాటు నల్లరేగడి నేలలు కూడా కనిపిస్తాయి; రేగడిలోని మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమన్ను ఖనిజం తన పొరల మధ్యకు నీటిని పీల్చుకొని ఉబ్బి, ఎండాకాలంలో కుంచించుకొని నెర్రెలు విచ్చుతుంది కనుక, చూరునీళ్లు గోడ మొదట్లోనే నిలిచే ఇంటికి పునాది ఒకవైపు లేచి, మరోవైపు కుంగి, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా బీటలు పడతాయి. వాటికి సిమెంటు పూయడం పైపూత వైద్యమే. గోడ నుంచి 3 మీటర్ల దూరానికి నేల సుమారు 15 సెంటీమీటర్లు దిగేలా వాలు, అంటే నీరు బయటికి జారిపోయే పల్లం, కల్పించాలి. ఇసుక పోస్తే నీరు దాని గుండా పునాదికే చేరుతుంది కాబట్టి, నీటిని సులభంగా ఇంకనివ్వని, అంతగా ఉబ్బని మట్టిని పలుచని పొరలుగా పరిచి, కొద్దిగా తడిపి, దిమ్మిసతో గట్టిపరచాలి. వాలు కుదిరిందో లేదో గోడ పక్కన ఒక బకెట్ నీళ్లు పోసి చూస్తే తెలిసిపోతుంది.