ఊసరవెల్లి మనకు మచ్చికవుతుందా?



బీదరులో గాంధీ గంజ్ ఎరగని రైతు మన సరిహద్దు పల్లెల్లో ఉండడు. కందులు, శనగలు, సోయా, జొన్నలు ఏవైనా సరే, అమ్మకానికి అక్కడికి రావలసిందే. ఆ అడత్ దుకాణాల ముందు పది నిమిషాలు నిలబడితే కన్నడం, తెలుగు, ఉర్దూ, మరాఠీ నాలుగూ చెవిన పడతాయి. అటువంటి గంజ్‌లోకి ఒకసారి, బేరంతో పనిలేని ఒక ప్రాణి వచ్చింది. ఈవేళ నేను చెప్పబోయేది దాని గురించే.

కొన్నేళ్ళ కిందటి మాట. దసరా సెలవులు అయిపోయి బడి తెరిచాం. గంజ్‌లో సోయా సంచులు దిగుతున్నాయి. అక్కడ హమాలీ పని చేసే ఒకాయన కొడుకు అప్పుడు మా బడిలో ఏడో తరగతి. ఏదో పల్లె నుంచి వచ్చిన ట్రాక్టరులో, సంచుల పక్కన వేసిన కట్టెల మోపు మీద ఊసరవెల్లి కనబడిందట. చూసినవాళ్ళలో ఒకరు రాయి తీశారు. ఈ అబ్బాయి అడ్డం పడి, దాన్ని బిస్కెట్ల అట్టపెట్టెలోకి ఎక్కించి ఇంటికి తీసుకుపోయాడు. మర్నాడు అదే పెట్టె చంకలో పెట్టుకుని బడికి వచ్చాడు. పారిపోకుండా దాని నడుముకు దారం కూడా కట్టాడు.

"సార్, దీన్ని నేను సాదుకుంట. కానీ నన్ను జూస్తే నల్లగైతుంది. నాకు అలవాటు గావాలంటే ఏం జెయ్యాలె?" అని అడిగాడు.

అప్పటికి నాకు దానికి జవాబు తెలియదు. తెలియదని ఒప్పుకుంటే బాగుండేది. దానికి బదులు, పాఠానికి పనికివస్తుంది గదా అని పెట్టె తీసుకుని తరగతిలోకి పోయాను. బి.ఇడి.లో మాకు బోధనోపకరణాల మీద బోలెడు చెప్పారు గాని, ప్రాణం ఉన్న ఉపకరణంతో ఎలా మెలగాలో ఎవరూ చెప్పలేదు. ఊసరవెల్లిని పైనుంచి పట్టుకుని, నల్లబల్ల ముందు బల్ల మీద పెట్టాను. చూస్తుండగానే ముదురు రంగుకు తిరిగింది. "చూశారా? వెనక ఏ రంగు ఉంటే ఆ రంగుకు మారిపోతుంది," అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ సంతోషపడ్డాను.

ముందు వరసలోని ఒక అమ్మాయి మాత్రం చప్పట్లు కొట్టలేదు. లేచి, బల్లను కిటికీ పక్కనున్న సున్నపు గోడ దగ్గరికి జరిపింది. ఊసరవెల్లి ఇంకా నల్లబడింది. ఒళ్ళు ఉబ్బించి, నోరు తెరిచి బుస కొట్టింది. "గోడ తెల్లగుంది గదా సార్, మరి ఇది తెల్లగ ఎందుకైతలేదు?" అంది. ఆ పిల్ల ప్రశ్నకు సరైన జవాబు వెతుక్కుంటూ పోతే, అబ్బాయి వేసిన మొదటి ప్రశ్నకు కూడా అందులోనే జవాబు దొరికింది. అదే మీకు చెబుతాను.

ముందు పేర్ల సంగతి తేల్చుకుందాం. మన తెలుగులో తొండ వేరు, ఊసరవెల్లి వేరు. కన్నడంలో ఓతి వేరు, గోసుంబె వేరు. గంజ్‌లో మాత్రం చాలామంది రెండింటినీ కలిపి గిర్గిట్ అనేస్తారు. కంచె మీద తల ఆడిస్తూ, ఎండాకాలం మెడ ఎర్రబరుచుకుని, మనిషిని చూడగానే సర్రున పరుగెత్తేది తొండ. ఊసరవెల్లి పరుగెత్తలేదు. గాలికి ఊగే ఆకులాగా ముందుకూ వెనక్కూ ఊగుతూ ఒక్కొక్క అడుగే వేస్తుంది. దాని కాలివేళ్ళు రెండు గుంపులుగా అతుక్కుని పటకారులాగా కొమ్మను పట్టుకుంటాయి. తోక చుట్టగా చుట్టుకుంటుంది. బల్లి తోకలాగా అది తెగి మళ్ళీ మొలవదు. తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్టు అనే సామెత మనుషుల మీదికి బాగానే ఉంటుంది గాని, తొండ ఎంత ముదిరినా తొండే. మన దేశంలో సహజంగా దొరికే ఊసరవెల్లి జాతి ఒక్కటే. తోకతో కలిపి మూరకు కొంచెం తక్కువ పొడవు పెరుగుతుంది. దానికి విషం లేదు. అది ఉమ్మినా, చూసినా ఏదో అవుతుందన్న భయానికి ఆధారం లేదు.

ఇక రంగు. ఊసరవెల్లి రంగు మారేది ఎదురుగా ఉన్న గోడను చూసి కాదు. ఒంట్లో వేడి ఎంత ఉంది, మనసు ఎలా ఉంది అన్నవాటిని బట్టి మారుతుంది. చలి ఉదయాన ఎండ పీల్చుకోవడానికి ముదురుగా ఉంటుంది. ఒళ్ళు వేడెక్కాక లేతబడుతుంది. రాత్రి కొమ్మ చివర నిద్రపోయేటప్పుడు బాగా పాలిపోయి ఉంటుంది. టార్చి వేస్తే ఆకుల మధ్య తెల్లగా కనబడేది అందుకే. నెమ్మదిగా ఉన్నప్పుడు ఆకుపచ్చ. భయపడితే, కోపం వస్తే, వేరొక ఊసరవెల్లి ఎదురైతే మచ్చలు, చారలు, నలుపు. దాని చర్మంలో రంగు కణాలే కాకుండా, వెలుగును తిప్పికొట్టే అతి సన్నని స్ఫటికాలు కూడా ఉంటాయి. ఆ స్ఫటికాల మధ్య ఎడం పెరిగితే ఒక రంగు, తగ్గితే ఇంకొక రంగు కనబడుతుంది. మడగాస్కర్ దీవిలోని ఒక జాతి మీద పనిచేసి, జెనీవా విశ్వవిద్యాలయం వాళ్ళు 2015లో ఈ సంగతి బయటపెట్టారు.

అంటే ఏమయింది? నేను తరగతిలో చూపించింది పాఠం కాదు, దాని భయం. చప్పట్లు కొట్టించింది కూడా దానికే.

ఎందుకు భయపడిందో దాని పక్కన నిలబడి ఆలోచించండి. ఊసరవెల్లికి శత్రువులు గద్ద, కాకి, పాము, పిల్లి. ఎక్కువ భాగం పైనుంచి దిగేవే. మనం చెయ్యి పైనుంచి చాపి పట్టుకుంటే అది దానికి గద్ద కాలు. పరుగెత్తే శక్తి లేదు గనుక దాని రక్షణ అంతా కనబడకుండా ఉండడంలోనే ఉంది. మనిషి దగ్గరికి వస్తే కొమ్మకు అవతలి పక్కకు తిరిగి, ఒళ్ళు పలచగా చేసుకుని దాక్కుంటుంది. రెండు కళ్ళూ వేరువేరుగా తిరుగుతాయి. ఒక కన్నుతో మనల్ని, ఇంకొక కన్నుతో దారిని చూస్తుంది. చెవి రంధ్రం బయటికి కనబడదు. మనం ముద్దుగా పేరు పెట్టి పిలిచినా దానికి ఒరిగేది ఏమీ లేదు. పైగా అది గుంపులో బతికే జంతువు కాదు. కుక్కకు మందతో కలిసి బతకడం తెలుసు. ఊసరవెల్లికి మంద అంటేనే తెలియదు. తోటి ఊసరవెల్లే గిట్టనిదానికి మనం ఎలా గిట్టుతాం?

ఇంతకూ అది మచ్చికవుతుందా అని అడిగితే, ప్రేమకు కాదు, భయం తగ్గేదాకా అవుతుంది అని నా జవాబు. ఆ మాత్రానికి కూడా చాలా ఓపిక కావాలి. ఇది నాకు తెలిసింది అమెరికా నుంచి వచ్చిన ఒక ఫోను వల్ల.

మా చిన్నాన్న మనవడు అక్కడ యెమెన్, సౌదీ ప్రాంతాల జాతి ఊసరవెల్లిని కొనుక్కున్నాడు. తలమీద కిరీటంలాగా ఎత్తుగా ఉంటుంది. అక్కడ వీటిని పెంపకంలోనే పుట్టించి చట్టప్రకారం అమ్ముతారు. వాడిదీ మా బడిపిల్లవాడి గోడే. "మామయ్యా, నన్ను చూస్తే నల్లబడుతోంది." నేను చదివీ, అడిగీ వాడికి చెప్పినవి, వాడు చేసి చూసి నాకు చెప్పినవి కలిపి వినండి.

తెచ్చిన తరవాత కనీసం రెండు వారాలు ముట్టుకోకూడదు. మేత పెట్టడం, నీళ్ళు చల్లడం, అంతే. గూడు గాలి ఆడే జాలీతో ఉండాలి. గాజు పెట్టె అయితే తన నీడనే చూసి, ఇంకొకటి వచ్చిందని హడలిపోతుంది. గూడులో ఆకులు దట్టంగా ఉండాలి. దాక్కునే చోటు ఉందన్న ధైర్యం ఉంటేనే అది బయటికి వస్తుంది. మనవాడు బాగా కనబడాలని ఆకులన్నీ తీసేశాడు. అక్కడే దెబ్బతిన్నాడు. గూడును నేల మీద పెట్టకూడదు. దాని కూర్చునే కొమ్మ మన కళ్ళకంటే ఎత్తున ఉండాలి. ఎవరు పైన ఉంటే వాళ్ళకు ధీమా, ఊసరవెల్లుల లోకంలో లెక్క అది. గిన్నెలో నిలవ నీళ్ళను చాలావరకు అది నీళ్ళుగా గుర్తించదు. ఆకుల మీది బొట్లనే తాగుతుంది. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ కూడా పనికిరాదు. ఎముకలు గట్టిపడడానికి కావలసిన అతినీలలోహిత కిరణాలను గాజు ఆపేస్తుంది. అందుకని దానికి ప్రత్యేకమైన దీపం పెట్టాలి. ఒక గూట్లో ఒక్కటే ఉండాలి. జత ఉంటే తోడుగా ఉంటుందని మనం అనుకుంటాం. అది అలా అనుకోదు.

ఆ తరవాత రోజూ ఒకే వేళకు గూడు తలుపు తెరిచి, కొంచెం ఎడంగా, కదలకుండా కూర్చోవాలి. వాడు హోంవర్కు అక్కడ కూర్చుని చేసుకున్నాడట. వాళ్ళమ్మకు ఆ ఒక్క విషయంలో ఊసరవెల్లి మీద గౌరవం కలిగింది. కొన్నాళ్ళకు అది తన ముందే తినడం మొదలుపెట్టింది. మనిషి చూస్తుండగా తినడమే మొదటి మెట్టు. తరవాత పొడుగాటి పటకారుతో కీచురాయిని అందించాడు. ఆ తరవాత అరచేతిలో పెట్టి, చెయ్యి కొమ్మలాగా దానికి కింది నుంచి, ముందు నుంచి చాపి ఊరుకున్నాడు. పట్టుకోలేదు. ఎక్కితే ఎక్కనిచ్చాడు, లేకపోతే తీసేశాడు. రంగు ముదిరినా, గొంతు ఉబ్బినా ఆ రోజుకు అక్కడితో సరి. మూడు నెలలకు కాబోలు, మొదటిసారి చేతిమీదికి వచ్చింది. ఆ రోజు కూడా చేతికోసం కాదు, చెయ్యి దాటి అవతలి కొమ్మకు పోవడానికి వచ్చిందని వాడే నవ్వుతూ చెప్పాడు. ముట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోమని నేను మరీమరీ చెప్పాను. ఇటువంటి జంతువుల మీద మనకు జబ్బు చేసే సూక్ష్మజీవులు ఉండవచ్చు.

అది అమెరికా సంగతి. మన దగ్గర ఇదంతా చేద్దామని మాత్రం పూనుకోకండి. మన చెట్ల మీద ఉండే ఊసరవెల్లికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. పట్టడం, ఇంట్లో పెంచడం, కొనడం, అమ్మడం అన్నీ నేరమే. విదేశీ జాతులను పెంచుకునేవారు కూడా, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం, కేంద్ర ప్రభుత్వం వారి పరివేష్ పోర్టల్‌లో వాటిని నమోదు చేయించాలి. పిల్లలు తెలియక తెస్తే కొట్టకండి. రాయి పడకుండా కాపాడి తెచ్చినవాడు అసలే మంచివాడు. అటవీ శాఖ వారికి కబురు చేయండి.

మరి మన ఇంటి కంచెలో ఉన్నదాని సంగతి? అక్కడ పైన చెప్పిన మాటలే తిరగేసి పనికివస్తాయి. కంచెను ఒక్కసారిగా నేలమట్టంగా కొట్టెయ్యకండి. పురుగుమందు కొడితే దాని మేత పోయినట్టే, తిన్న పురుగుతో దాని ప్రాణమూ పోవచ్చు. ఎండరోజుల్లో ఆకుల మీద పొద్దున కాసిని నీళ్ళు చల్లండి. రోడ్డు దాటుతుంటే బండి ఆపి, ఒక కర్ర దాని ముందు పెట్టండి. తనంతట తనే ఎక్కుతుంది. అది ఎటు పోతోందో ఆ వైపు కొమ్మకే చేర్చండి, వచ్చిన వైపుకు కాదు.

మళ్ళీ మా తరగతికి వస్తాను. ఆ మధ్యాహ్నం అది పెట్టె మూలన అదేపనిగా గోకడం మొదలుపెట్టింది. పారిపోవాలని చూస్తోందనుకున్నాం. అబ్బాయి దారం ఇంకొక ముడి వేశాడు. సాయంత్రం అటవీ శాఖ మనిషి వచ్చి, దాని కడుపు చూసి, ముందు ఆ దారం కోసేశాడు. అది ఆడది, గుడ్లతో ఉంది. ఈ జాతి ఆడది చెట్టు దిగి, నేలలో గొయ్యి తవ్వి, పది నుంచి ముప్పై దాకా గుడ్లు పెట్టి మట్టి కప్పి పోతుంది. తగిన మట్టి దొరక్కపోతే గుడ్లు లోపలే ఉండిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అట్టపెట్టెలో అది వెతికింది దారి కాదు, మట్టి. ఈ మాట విని ఆ పిల్లవాడు ఏడ్చినంత పని చేశాడు. నా ముఖం చూసుకోవడానికి అద్దం లేదు గాని, నాదీ అదే పరిస్థితి.

ఊరి బయట, వానకు మెత్తబడిన ఎర్రమట్టి గట్టు మీద, తుమ్మచెట్టు మొదట్లో వదిలాం. అబ్బాయి పట్టుబట్టి వెంట వచ్చాడు. అది చాలాసేపు కదలలేదు. నల్లగానే ఉంది. నేను దగ్గరగా వంగి చూస్తున్నాను. వాడు నా చొక్కా అంచు పట్టుకుని లాగాడు.

"సార్, మీరు ఇంకో రెండడుగులు ఎన్కకు రాండ్రి. అప్పుడు పచ్చగైతది."