ఇంటి షెడ్డుకు మోత తక్కువ కంప్రెసరు: ఎంచుకోవడం ఎలా?

గాలి అందరికీ ఉచితంగా దొరికేదే. కానీ దాన్ని ఒకచోట కుక్కి, ఒత్తిడితో కావలసిన చోటికి పంపాలంటే మాత్రం శ్రమ పడాలి. కమ్మరి కొలిమి దగ్గరి తోలుతిత్తి చేసిందీ, సైకిలు షాపులో చేతిపంపు చేసిందీ ఆ పనే. ఇప్పుడు ఆ పని కరెంటు మోటారు చేస్తోంది. ఒకప్పుడు పెట్రోలు బంకుల్లోనూ వర్కుషాపుల్లోనూ మాత్రమే కనిపించే ఎయిర్ కంప్రెసరు ఈ రోజుల్లో ఇళ్ళ షెడ్లలోకి కూడా వచ్చేసింది. అయితే యంత్రంతో పాటు దాని మోత కూడా ఇంట్లోకి వస్తుంది. ఆ మోతను ఎంతవరకు తగ్గించుకోవచ్చు, అందుకు ఎటువంటి కంప్రెసరు కొనాలి అన్నదే ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను.

ఈ విషయం మీదికి నా దృష్టి పోవడానికి కారణం మా ఇల్లే. మాది వ్యవసాయ కుటుంబం. ఇంటి పక్కనే ట్రాక్టరు షెడ్డు ఉంది. ఐ.టి.ఐ. పూర్తి చేసిన మా అన్నయ్య ఆ షెడ్డులోనే ట్రాక్టరు టైర్లు, ఊళ్ళోవాళ్ళ మోటారు సైకిళ్ళు చూస్తూ చిన్నగా పని మొదలుపెట్టాడు. షెడ్డుకూ నాయనమ్మ మంచానికీ మధ్య ఒక్కటే గోడ. మా నాన్న ముప్పై ఏళ్ళుగా ట్రాక్టరు నడుపుతున్నాడు. ఇప్పుడు ఏదైనా రెండుసార్లు పిలిస్తే గాని పలకడు. "నా చెవులు ఎలాగూ పోయాయి, పెద్దవాడివి కూడా పోకుండా చూడు" అని నాతో అన్నాడు. బి.యస్సీ. ఫిజిక్సు చదువుతున్నవాడికి ఇంతకన్నా ప్రాక్టికల్ పరీక్ష ఏముంటుంది?

మోత ఎక్కడిది?

కంప్రెసరు అంటే స్థూలంగా ఒక సిలిండరు, అందులో పైకీ కిందికీ ఆడే పిస్టను, గాలిని లోపలికీ బయటికీ వదిలే రెండు వాల్వులు, కింద ఒక ట్యాంకు. పిస్టను కిందికి దిగినప్పుడల్లా ఒక గుక్క గాలి పీలుస్తుంది. ఈ పీల్పే మోతలో పెద్ద భాగం. నిమిషానికి 2,800 చుట్లు తిరిగే యంత్రం సెకనుకు దాదాపు 47 సార్లు పీలుస్తుంది. దానికి తోడు వాల్వు రేకుల టకటక, మోటారు ఫ్యాను హోరు, డోలులా మోగే ఖాళీ ట్యాంకు. కాబట్టి మోత తగ్గడానికి మొదటి మార్గం యంత్రాన్ని నెమ్మదిగా తిప్పడం.

మోటారు వేగం దాని పోల్సు మీద ఆధారపడుతుంది. మన 50 సైకిళ్ళ కరెంటు మీద రెండు పోల్సున్న ఇండక్షన్ మోటారు నిమిషానికి సుమారు 2,800 చుట్లు, నాలుగు పోల్సున్నది సుమారు 1,400 చుట్లు తిరుగుతాయి. రెండింటి మీదా "1 హెచ్.పి." అనే రాసి ఉంటుంది. బయటికి ఒకేలా కనిపించే ఆ రెండింటిలో ఒకటి గోల, రెండవది గొణుగుడు. అందువల్ల నేమ్ ప్లేటు మీద హార్స్ పవరు తర్వాత చూడవలసింది ఆర్.పి.యం.

డెసిబెల్ లెక్క

ధ్వనిని కొలిచే డెసిబెల్ మామూలు కూడికల లెక్క కాదు, లాగరిథమ్ లెక్క. 10 డెసిబెల్స్ పెరిగితే ధ్వని తీవ్రత పది రెట్లవుతుంది. మన చెవికి మాత్రం సుమారు రెట్టింపుగా వినిపిస్తుంది. 70 డెసిబెల్స్ యంత్రాలు రెండు పక్కపక్కన ఆడితే వచ్చేది 140 కాదు, 73. ఇది తెలియకపోతే "80కీ 85కీ పెద్ద తేడా ఏముంది బాబూ" అనే దుకాణదారు మాట నమ్మేస్తాం. ఆ అయిదులో మూడు రెట్లకు పైగా తీవ్రత దాగి ఉంది.

చెవికి హాని ఎక్కడ మొదలవుతుంది? అమెరికాలోని నైయోష్ అనే వృత్తి ఆరోగ్య సంస్థ సిఫారసు ప్రకారం రోజుకు 8 గంటలపాటు 85 డెసిబెల్స్ హద్దు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, 94 అయితే ఒక్క గంట. లోపలి చెవిలో ధ్వనిని పట్టే సన్నని రోమకణాలు ఒకసారి చచ్చిపోతే మనిషికి మళ్ళీ మొలవవు. పంట పోతే మరుసటి ఏడు వేసుకోవచ్చు, వినికిడి అట్లా కాదు.

ఇరుగుపొరుగు మాట కూడా ఉంది. మన దేశంలో 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు.

ఇక్కడ ఒక కిటుకు చెప్పాలి. ఆరుబయట దూరం రెట్టింపు అయినప్పుడల్లా ధ్వని 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అనగా మీటరు దూరంలో 80 ఉన్న యంత్రం 4 మీటర్ల దూరంలో 68 మాత్రమే. కాబట్టి ఒక కంపెనీ "80", ఇంకొకటి "68" అని రాసుకున్నా రెండూ ఒకే యంత్రం కావచ్చు. ఎంత దూరంలో కొలిచారో చెప్పని అంకెకు విలువ లేదు. షెడ్డు లోపలయితే రేకులూ గోడలూ ధ్వనిని తిప్పికొడతాయి కనుక ఈ తగ్గుదల కూడా పూర్తిగా దక్కదు.

ముందు గాలి లెక్క, తర్వాత మోత లెక్క

ఎంత గాలి కావాలో తెలియకుండా పెద్దది కొంటే డబ్బు దండగ, చిన్నది కొంటే అది ఆగకుండా ఆడుతూనే ఉంటుంది. ఇంటర్‌లో చదివిన బాయిల్ సూత్రం ఇక్కడ చక్కగా అక్కరకు వస్తుంది.

కారు టైరులో సుమారు 30 లీటర్ల చోటు ఉందనుకుందాం. 20 పౌండ్ల నుంచి 32 పౌండ్లకు ఎక్కించాలి. ఒక వాతావరణ పీడనం దాదాపు 15 పౌండ్లు కనుక కావలసిన బయటి గాలి సుమారు 24 లీటర్లు. ట్రాక్టరు వెనక టైరుకు 200 లీటర్ల చోటనుకుంటే, పూర్తిగా దిగిపోయిన దాన్ని 15 పౌండ్లకు తేవడానికి దాదాపు 200 లీటర్ల గాలి కావాలి. ఇప్పుడు 24 లీటర్ల ట్యాంకు తీసుకోండి. అందులో ఒత్తిడి 115 నుంచి 70 పౌండ్లకు దిగే లోపల అది ఇచ్చే గాలి 72 లీటర్లు. అంటే మోటారు ఆడకుండానే మూడు కారు టైర్లకు సరిపోతుంది. ట్రాక్టరు టైరుకయితే మోటారు రెండు నిమిషాలైనా ఆడాలి.

వాడకం టైర్లతో ఆగితే చిన్న యంత్రం చాలు. ఎయిర్ ఫిల్టరూ రేడియేటరూ ఊదే బ్లోగన్ మాత్రం నిమిషానికి 150 లీటర్లకు పైనే తాగేస్తుంది. ట్యాంకు అరనిమిషంలో ఖాళీ. స్ప్రే పెయింటింగుకు ఇంకా ఎక్కువ.

కంపెనీవారు పెద్ద అక్షరాల్లో వేసేది చాలాసార్లు పిస్టను లెక్క ప్రకారం వచ్చే గాలి. నిజంగా గొట్టం చివర మనకు చేరేది అందులో నూటికి 60, 70 పాళ్ళే. అడగవలసిన మాట "ఫ్రీ ఎయిర్ డెలివరీ ఎంత? ఏ ఒత్తిడి దగ్గర?" అని.

పెద్ద ట్యాంకు ఉంటే మోత తక్కువని ఒక నమ్మకం ఉంది. అది సగమే నిజం. వాడిన గాలి అంతే అయితే మోటారు మొత్తం ఆడే సమయం కూడా అంతే. మాటిమాటికీ ఆడే బదులు ఒకేసారి ఎక్కువసేపు ఆడుతుంది. కాకపోతే పగలు నింపుకుని, నలుగురూ పడుకున్నాక చప్పుడు లేకుండా వాడుకునే సౌకర్యం ఉంది.

బజారులో దొరికే రకాలు

మొదటిది, మోటారుకే పిస్టను తగిలించిన వేగం రకం. సుమారు 2,800 చుట్లు, నూనె అక్కర్లేదు. తేలిక, చవక. మోత మాత్రం మీటరు దూరంలో 80 దాటడం మామూలే.

రెండవది, నాలుగు పోల్సు మోటారుతో రెండు సిలిండర్లున్న నెమ్మది రకం. దీనికీ నూనె అక్కర్లేదు. మంచివాటిలో మోత సుమారు 60, 70 మధ్య ఉంటుంది. పక్కన నిలబడి మాట్లాడుకోవచ్చు.

మూడవది, బెల్టు రకం. పోత ఇనుము సిలిండరు, నూనె, పెద్ద పుల్లీ. మోటారు 1,400 తిరిగినా పంపు అందులో సగమో, అంతకు కాస్త ఎక్కువో తిరుగుతుంది. మోత మధ్యస్థం, కానీ చెవిని పొడిచే కీచుదనం ఉండదు. బరువెక్కువ, ఆయుష్షూ ఎక్కువే. రింగులూ వాల్వు ప్లేట్లూ ఏ పట్టణంలోనైనా దొరుకుతాయి.

నాలుగవది, ఫ్రిజ్జులో ఉండే మూతబిగించిన కంప్రెసరు తరహా. 40, 45 డెసిబెల్స్‌తో దాదాపు నిశ్శబ్దం. కానీ గాలి తక్కువ. చిన్న లాబొరేటరీలకూ, బొమ్మలకు సన్నని రంగు వేసేవారికీ బాగుంటుంది. ట్రాక్టరు టైరుకు కాదు.

దుకాణంలో ఏం చూడాలి?

పట్టణంలో మూడు దుకాణాలు తిరిగాం. ఒకచోట "సైలెంట్" అని స్టిక్కరున్న యంత్రాన్ని ఖాళీ ట్యాంకుతో అర నిమిషం ఆడించి, "చూశారా, పిల్లి నడిచినట్టుంది" అన్నారు. ట్యాంకులో ఒత్తిడి లేనప్పుడు ఏ యంత్రమైనా సుఖంగానే ఆడుతుంది. మా అన్నయ్య "ఆగేదాకా ఆడించండి" అని పట్టుబట్టాడు. నూరు పౌండ్లు దాటేసరికి పిల్లి కాస్తా పులి అయింది! అందుచేత తనంతట తాను ఆగేవరకు వినాలి. లారీలు పోయే రోడ్డు మీద దుకాణమైతే లోపలి గదిలో పెట్టించి వినాలి. సెల్‌ఫోనులో ధ్వని కొలిచే యాప్ చూపే అంకె కచ్చితం కాకపోయినా, ఒకే ఫోనుతో ఒకే దూరంలో పట్టుకుంటే రెండు యంత్రాలను పోల్చడానికి పనికొస్తుంది.

పల్లెటూరివారు చూడవలసింది ఇంకొకటి ఉంది: వోల్టేజి. ఇండక్షన్ మోటారు మొదలయ్యే బలం వోల్టేజి వర్గానికి అనులోమంగా ఉంటుంది. 230 ఉండవలసిన చోట 180 వస్తే ఆ బలం నూటికి 61 పాళ్ళకు పడిపోతుంది. మోటారు మూలుగుతుంది గాని తిరగదు. అట్లాగే వదిలేస్తే కాలిపోతుంది. కనుక పొడవాటి సన్న వైరుతో దూరం లాగవద్దు. వైరు బదులు గాలి గొట్టాన్ని పొడిగించుకోవాలి.

ఇంటికి తెచ్చాక

మోత తగ్గించే పని కొనడంతో ముగియదు. కాళ్ళ కింద మెత్తని రబ్బరు దిమ్మలు వేస్తే నేలకూ రేకులకూ వణుకు పాకదు. కొందరు యంత్రాన్ని చెక్కపెట్టెలో పెట్టి మూసేస్తారు. 1 హెచ్.పి. మోటారు లాగే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగా మారుతుంది. అది పెట్టెలో ఇస్త్రీపెట్టెను ఆన్ చేసి మూత వేసినట్టే. పెట్టె కట్టితే గాలి ఆడే దారి ఉండాలి. అదే సమయంలో కంత చిన్నదైనా ధ్వని పారిపోతుంది. గోడలో నూటికి ఒక వంతు ఖాళీ ఉంటే, మిగతా గోడ ఎంత మందమైనా 20 డెసిబెల్స్‌కు మించి ఆపలేదు.

అన్నిటికన్నా మంచి ఉపాయం యంత్రాన్ని దూరంగా పెట్టి, గాలిని గొట్టంలో తెచ్చుకోవడం. అయితే పొలంలో మిగిలిన పి.వి.సి. పైపు మాత్రం వాడకండి. గాలి ఒత్తిడికి అది పగిలితే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి. గాలి కోసం చేసిన రబ్బరు గొట్టమే వాడాలి.

రోజూ పని అయ్యాక ట్యాంకు అడుగున ఉన్న నీళ్ళు వదలాలి. గాలిని నొక్కినప్పుడు అందులోని తేమ నీరవుతుంది. వానాకాలంలో మరీ ఎక్కువ. ఆ నీరు నిలవుంటే ట్యాంకు లోపలి నుంచి తుప్పు పట్టి, ఒకనాడు పగిలే ప్రమాదం ఉంది. సేఫ్టీ వాల్వును ఎప్పుడూ బిగించి మూయకూడదు. ఇక బ్లోగన్ మోత కంప్రెసరు మోతను మించిపోతుంది. ఎంత నిశ్శబ్దమైన యంత్రం కొన్నా బ్లోగన్ పట్టుకున్నప్పుడు చెవులకు ప్లగ్గులూ కళ్ళకు అద్దాలూ ఉండవలసిందే. గాలిని ఒంటి మీదికి ఊదుకోవడం ఆట కాదు, ప్రాణం మీదికి వస్తుంది.

మేము ఏం కొన్నాం?

అన్నయ్య మనసు బెల్టు రకం మీద ఉంది. "పదేళ్ళు చూసుకోనక్కర్లేదు" అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. కానీ మా ఇంట్లో రోజు మొత్తం మీద అది ఆడేది గంటకు లోపే. గోడ అవతల నాయనమ్మ ఉంది. పక్కింట్లో చంటిపిల్ల ఉంది. అందువల్ల రెండవ రకాన్ని, 1,400 చుట్లదాన్ని తీసుకున్నాం. షెడ్డు లోపల కాకుండా గడ్డివామి వైపు, ఇటుక గోడ వెనక పెట్టి, పది మీటర్ల గొట్టం వేశాం. "ఆడుతోందా, ఆగిందా?" అని నాయనమ్మ అప్పుడప్పుడు అడుగుతోంది. టెఫ్లాన్ రింగులు అరిగినప్పుడు మార్చాలి, అది దీని లోటు. రేపు అన్నయ్య రోడ్డు మీద సొంత షాపు పెడితే అప్పుడు బెల్టు రకమే కొనాలి. ఏది మంచిదన్న ప్రశ్నకు జవాబు యంత్రంలో సగం, మన అవసరంలో సగం ఉంటుంది.

మిత్రులారా! మనలో చాలామంది పల్లెల నుంచి వచ్చినవాళ్ళమే. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు రైసుమిల్లు, పిండిమర, ట్రాక్టరు, స్ప్రేయరు – ఎన్నో యంత్రాల మోతలో మనవాళ్ళు చెవులు పోగొట్టుకోవడం చూస్తాం. "వయసు మీద పడింది" అని సరిపెట్టుకుంటాం. అందులో కొంత వయసు, కొంత డెసిబెల్స్. రెండవదాన్ని మనం తగ్గించగలం. రికార్డు పుస్తకంలో వేసిన లాగరిథమ్ లెక్కను ఒక్కసారి ఇంటి షెడ్డులో కూడా వేసి చూడండి. ఈ వ్యాసం చదివిన ఒక్కరైనా యంత్రం కొనేముందు "చుట్లు ఎన్ని? గాలి ఎంత? ఎంత దూరంలో కొలిచిన మోత?" అని మూడు ప్రశ్నలు అడిగితే నా శ్రమ ఫలించినట్లే.