ఉప్పుటేటి చేపకు మన ఇంట్లో చోటు

మీ ఇంట్లోనో, మీ స్నేహితుల ఇంట్లోనో చేపల తొట్టె ఉందా? ఉంటే అందులో ఏ చేపలున్నాయో చూడకుండానే చెప్పగలను. గోల్డ్‌ఫిష్, గప్పీ, ఏంజెల్, మహా అయితే ఒక ఫైటర్. అవునా? గోల్డ్‌ఫిష్ స్వస్థలం చైనా. గప్పీ, ఏంజెల్ దక్షిణ అమెరికా నుంచి వచ్చాయి. ఫైటర్‌ది థాయ్‌లాండ్. మన గడ్డమీద పుట్టిన చేప ఒక్కటీ లేదు!

అందుకని ఈసారి మన దక్షిణ భారతపు చేపనే పెంచి చూద్దాం. అది పూర్తిగా మంచినీటిదీ కాదు, పూర్తిగా సముద్రానిదీ కాదు. ఏరు కడలిలో కలిసే చోట, పోటు వచ్చినప్పుడు ఉప్పగా, పాటు తీసినప్పుడు చప్పగా మారే నీళ్లలో బతికే చేప. పేరు ఆరెంజ్ క్రోమైడ్. కేరళలో ‘పళ్ళత్తి’ అంటారు. పూర్తిగా ఎదిగినా సుమారు 8 సెంటీమీటర్లు. పసుపు, నారింజ కలిసిన ఒంటిమీద వరసలుగా ఎర్రటి చుక్కలు, పక్కన మధ్యలో ఒక నల్ల మచ్చ. దీని పెద్దన్నే కరిమీన్. 2010లో కేరళ దాన్ని తమ రాష్ట్ర చేపగా ప్రకటించింది.

ఈ చేపలు సిక్లిడ్ కుటుంబానికి చెందినవి. ఈ కుటుంబంలో వందలాది జాతులు ఆఫ్రికాలోనూ, అమెరికా ఖండాల్లోనూ ఉన్నాయి. మన దేశానికి సహజమైనవి మాత్రం మూడే. ఆ మూడింటికీ అతి దగ్గరి చుట్టాలు ఎక్కడున్నాయో తెలుసా? మడగాస్కర్ దీవిలో! భారతదేశం, మడగాస్కర్ ఒకప్పుడు అతుక్కుని ఉండి, సుమారు 9 కోట్ల సంవత్సరాల క్రితం విడిపోయాయి. ఈ చేపల పూర్వికులు నేలతోపాటే విడిపోయాయా, తరవాత సముద్రం దాటి వచ్చాయా అన్నదానిమీద శాస్త్రజ్ఞులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

సరే, నీటి సంగతికి వద్దాం. అసలు కథ అక్కడే ఉంది.

అమ్మ మాగాయ పెట్టేటప్పుడు చూశారా? మామిడి ముక్కలకు ఉప్పు కలిపి జాడీలో ఉంచితే మర్నాటికి ఊట దిగుతుంది. ముక్కలోని నీరు బయటి ఉప్పువైపు నడిచి వచ్చిందన్నమాట. అదే ఎండుద్రాక్షను మంచినీళ్లలో వేస్తే నీరు లోపలికి పోయి ఉబ్బుతుంది. మీ పాఠ్యపుస్తకంలో ద్రవాభిసరణ అని చదువుకున్నది ఇదే. చేప మొప్పల చర్మం చాలా పలచన. కాబట్టి ప్రతి చేపా రోజంతా అయితే మామిడి ముక్క, కాకపోతే ఎండుద్రాక్ష!

చేప రక్తంలో లీటరుకు సుమారు 10 గ్రాముల లవణాలుంటాయి. సముద్రపు నీటిలో 35. అందువల్ల సముద్రపు చేప ఒంట్లోంచి నీరు ఎప్పుడూ బయటికి పోతూ ఉంటుంది. అది సముద్రపు నీటినే తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల్లోని ప్రత్యేక కణాల ద్వారా బయటికి నెడుతుంది. మంచినీటి చేపది తలకిందుల వ్యవహారం. లోపలికి చొరబడే నీటిని మూత్రపిండాలు తోడిపోస్తూ ఉంటాయి, మొప్పలు నీటిలోంచి లవణాలను ఏరుకుంటూ ఉంటాయి. ఉప్పుటేటి చేపకు ఈ రెండు విద్యలూ వచ్చు. వానాకాలంలో సముద్రం వదిలి గోదావరికి ఎదురీదే పులస చేసేదీ ఇదే. అయితే ఒక విద్య మాని రెండోది మొదలుపెట్టడానికి మొప్పల్లోని కణాలు మారాలి. దానికి కొన్ని గంటల నుంచి కొన్ని రోజులు పడుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

నేను గుర్తుపెట్టుకోలేదు. మొదటిసారి ఆరు క్రోమైడ్ పిల్లలను కొని తెచ్చాను. దుకాణంలో వాటిని మంచినీళ్లలో ఉంచారు. నెల రోజులుగా నడుస్తున్న మంచినీటి తొట్టెలో వాటిని వదిలి, ఉప్పుటేటి చేపలు కదా అని, ఆ సాయంత్రమే కావలసిన ఉప్పంతా ఒక్కసారిగా కలిపేశాను. మర్నాడు చేపలు బాగానే ఉన్నాయి. నాలుగో రోజు నీటిపైకి వచ్చి నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. ఆరో రోజుకు రెండు చచ్చిపోయాయి.

ఉప్పు వాటిని చంపలేదు. ఉప్పు చంపింది నా కంటికి కనిపించని వాటిని. చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియా విషం. తొట్టెలోని ఇసుకమీదా, ఫిల్టరు స్పాంజిమీదా నివసించే కొన్ని బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరికొన్ని ఆ నైట్రైట్‌ను అంతగా హాని చెయ్యని నైట్రేట్‌గా మారుస్తాయి. మంచినీటికి అలవాటుపడ్డ ఆ బాక్టీరియా ఒక్కసారిగా మారిన నీటికి తట్టుకోలేకపోయింది. పరీక్ష చేస్తే అమ్మోనియా బాగా పెరిగి ఉంది. పైగా ఉప్పుటేటి నీరు కాస్త క్షారగుణం గలది. క్షారపు నీటిలో అమ్మోనియా మరింత ప్రమాదకరం. వెంటనే సగం నీరు తీసి, అంతే ఉప్పున్న కొత్త నీరు పోశాను. రోజూ కొంత చొప్పున పది రోజులు మార్చాక మిగిలిన నాలుగూ తేరుకున్నాయి.

కాబట్టి మీరు తొందరపడకండి. 75 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు ఉన్న తొట్టెలో 33 సెంటీమీటర్ల ఎత్తు నీరు పోస్తే ఎన్ని లీటర్లో లెక్క వెయ్యండి. 74 వస్తుంది. ఇసుక, రాళ్లు ఆక్రమించే చోటు తీసేస్తే 70 అనుకుందాం. లీటరుకు 7 గ్రాముల చొప్పున 490 గ్రాముల ఉప్పు కావాలి. వంటింటి ఉప్పు వద్దు. సముద్రపు నీటిలో సోడియం క్లోరైడ్ ఒక్కటే కాదు, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలూ ఉంటాయి. ఆక్వేరియం దుకాణాల్లో సముద్రపు చేపలకోసం అమ్మే ఉప్పే వాడాలి. దాన్ని ఐదు భాగాలు చేసి, మూడు నాలుగు రోజులకొక భాగం చొప్పున విడిగా బకెట్టు నీళ్లలో కరిగించి పొయ్యండి. కుళాయి నీళ్లయితే అందులోని క్లోరిన్ పోగొట్టాకే వాడండి.

ఉప్పు ఎంతుందో కొలవడానికి హైడ్రోమీటరు ఉండాలి. మంచినీటిలో అది 1.000 చూపిస్తుంది, సముద్రపు నీటిలో సుమారు 1.025. మన తొట్టెకు 1.005 చాలు. కోడిగుడ్డు తేలితే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. తాజా గుడ్డు సముద్రపు నీటిలో కూడా మునుగుతుంది!

ఇక్కడ చాలామంది పొరపాటు పడే విషయం ఒకటుంది. ఎండాకాలంలో తొట్టెలో నీరు తగ్గిపోతుంది. దాని స్థానంలో ఏ నీరు పోస్తారు? ఉప్పునీరా? ఆలోచించండి. ఆవిరైపోయింది నీరు మాత్రమే, ఉప్పు తొట్టెలోనే ఉంది. కాబట్టి మంచినీరే పొయ్యాలి. తొట్టె శుభ్రం చెయ్యడానికి మీరు తోడేసిన నీటికి బదులు మాత్రం ఉప్పు కలిపిన నీరు.

చేపలు లేని కొత్త తొట్టె అయితే ఫిల్టరు నడుపుతూ, చిటికెడు చేపల మేత వేస్తూ నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. బాక్టీరియా అప్పటికి గాని స్థిరపడదు. గోల్డ్‌ఫిష్‌ను ఈ నీళ్లలో వెయ్యకండి. మొక్కల్లోనూ జావా ఫెర్న్ వంటి కొన్నే తట్టుకుంటాయి. రెండు మూడు నున్నని పలకరాళ్లు మాత్రం తప్పకుండా పెట్టండి, ఎందుకో చెబుతాను. పెంచలేకపోతే చేపలను దుకాణానికి తిరిగి ఇవ్వండి, ఏటిలోనో చెరువులోనో వదలొద్దు. ఆక్వేరియంల ద్వారా మన దేశానికి వచ్చిన సక్కర్ చేప ఈనాడు మన జాలరుల వలలను ఎలా చింపుతోందో వాళ్లనే అడగండి.

బతికిన నా నాలుగు చేపల్లో రెండు ఏడాది తిరిగేసరికి జతకట్టాయి. ఆడా మగా ఒకేలా ఉంటాయి కాబట్టి ఏది ఏదో గుడ్లు పెట్టేదాకా నాకు తెలియలేదు. పలకరాయిని రెండూ కలిసి నోటితో శుభ్రం చేసి, దానిమీద గుడ్లు అంటించాయి. ఒక్కొక్క గుడ్డూ సన్నని తొడిమతో రాతికి వేలాడుతుంది. తల్లీ తండ్రీ వంతులవారీగా రెక్కలతో వాటికి నీరు విసురుతూ కాపలా కాశాయి. మిగతా రెండు చేపలను నేను వేరే తొట్టెలోకి మార్చవలసి వచ్చింది, అంత కోపం వాటికి!

పిల్లలు ఈదడం మొదలుపెట్టాక వాటిని భూతద్దంతో గమనించాను. ఒక్కొక్కటీ తల్లి పక్కకో, తండ్రి పక్కకో దూసుకువెళ్లి, ఒంటికి ఒక్క క్షణం తగిలి వెనక్కి వచ్చేస్తుంది. మొదట ఆట అనుకున్నాను. తరవాత చదివితే తెలిసింది, పెద్ద చేపల ఒంటిమీది జిగురును అవి మేస్తున్నాయట. ఒక నిమిషంలో ఒక పిల్ల ఎన్నిసార్లు తగులుతుందో, వారం వారం ఆ సంఖ్య పెరుగుతుందో తగ్గుతుందో నోటుపుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాను. మీ తొట్టెలో పిల్లలు పుడితే మీరూ లెక్కపెట్టండి.