గాజుతొట్టిలో చారల చేపలు

ఇంట చేపలను పెంచడం చాలమందికి వేడుక. కాని, కొని తెచ్చిన వారంలోపుననే అవి చనిపోతే ఆ వేడుక విచారంగా మారుతుంది. దీనికి సాధారణంగా కారణం నీటి స్వభావం తెలియకపోవడమే. మన దేశపు చేప అయిన జీబ్రా డానియో ఉదాహరణగా ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

నీలి చారలతో మెరిసే ఈ చేప పొడవు సుమారు 4 సెంటీమీటర్లు. గంగా, బ్రహ్మపుత్రా ప్రాంతాల వాగులు, మడుగులు, వరిపొలాలు దీని పుట్టినిల్లు. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో ప్రకటించిన గంగానది చేపల గ్రంథంలో దీనిని వర్ణించాడు. ఇది గుంపుగా జీవించే చేప. ఒంటరిగా ఉంచితే బెదురుతుంది. రెండు మూడే ఉంటే బలమైనది తక్కినవాటిని తరుముతుంది. కనుక కనీసం 6 చేపలను, మూత ఉన్న 40 లీటర్ల తొట్టిలో పెంచడం మేలు.

చేపల విసర్జనల నుండి, మిగిలిన మేత నుండి అమ్మోనియా అనే విషం పుడుతుంది. ఒక జాతి సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, మరొక జాతివి నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగాను మారుస్తాయి. ఇవి వృద్ధి చెందడానికి కొన్ని వారాలు పడుతుంది. అందుచేత చేపలను తేవడానికి ముందే తొట్టిలో నీరు నింపి, వడపోత సాధనాన్ని నడుపుతూ, రోజూ చిటికెడు మేత వేయాలి. అది కుళ్లగా వెలువడే అమ్మోనియాయే ఆ జీవులకు ఆహారం. చేపలు వచ్చిన పిమ్మట వారానికొకసారి నాలుగవవంతు నీటిని, క్లోరిన్ పోగొట్టిన నీటితో మార్చాలి.

ఆడచేప నిండు పొట్టతో వెండి వన్నెలోను, మగచేప సన్నగా పసిడి ఛాయతోను ఉంటాయి. సాయంకాలం ఒక జతను వేరు తొట్టిలో విడిచి, అడుగున గోళీలు పరచాలి. నీటి వేడిమి 26 నుండి 28 డిగ్రీలు ఉండాలి. తెల్లవారి వెలుగు పడగానే ఆడచేప వందకు పైగా గుడ్లను విడువగలదు. కన్నవారే వాటిని తినివేస్తారు. గోళీల సందులలోకి జారినవే మిగులుతాయి. వెంటనే పెద్దచేపలను తీసివేయాలి. రెండు మూడు దినాలలో గుడ్లు పొదుగుతాయి. పిల్లలు ఈదసాగిన తరువాత, ఎండుగడ్డి నానిన నీటిలో పెరిగే సూక్ష్మప్రాణులను మేతగా ఇవ్వాలి. సుమారు మూడు నెలలకు అవి ఈడుకు వస్తాయి.

గుడ్డు పారదర్శకం కావడంతో, సూక్ష్మదర్శినిలో ఒక్క దినానికే గుండె కొట్టుకోవడం కానవస్తుంది. 1981లో జార్జ్ స్ట్రైసింగర్ ప్రచురించిన పరిశోధనతో ఈ చేప ప్రయోగశాలలలో ప్రసిద్ధి పొందింది. మానవ జన్యువులలో సుమారు 70 శాతానికి దీనిలో సరిపోలినవి ఉన్నట్లు 2013లో వెల్లడైంది. మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లోను దీనిపై పరిశోధనలు జరుగుతున్నాయి.

ఖరీదైన పరికరాలు లేకనే ప్రాణోత్పత్తిని కళ్లారా చూపగల పాఠం ఇది. కళాశాల జీవశాస్త్రశాలలో ఇటువంటి తొట్టి ఒకటి ఏర్పడితే ఎంతో ప్రయోజనకరం. అయితే, మిగులు పిల్లలను చెరువులలో వదలక, శ్రద్ధగల మిత్రులకే ఇవ్వాలి. ప్రాణిని ఇంటికి తెచ్చినవారు దాని క్షేమానికి బాధ్యులు.