లేత గులాబివన్నె గోడలు

గృహమునకు గోడలు కట్టుబట్టల వంటివి. చీర యెంత విలువగలదైనను వన్నె నప్పనిచో శోభ యుండదు. నప్పిన వన్నెగల సామాన్యపు నేతచీరయే కట్టినవారికి నిండుదనము నిచ్చును. గోడల సంగతియు నట్టిదే. పైగా నప్పని చీరను మడిచి పెట్టెలో నుంచవచ్చును గాని, నప్పని గోడను ఐదారేండ్లు చూచుచుండక తప్పదు. పగలెల్ల ఇంటనుండు స్త్రీలకును, వృద్ధులకును, పసిబిడ్డలకును ఆ గోడలే కన్నులయెదుట నుండును. కావున రంగు నెన్నుకొనుట మేస్త్రికిని, దుకాణదారునకును విడిచివేయదగిన పని కాదు.

ఇటీవల ననేక గృహములందు లేత గులాబివన్నె గోడలు కనబడుచున్నవి. అరవిచ్చిన తామరరేకు మొదలియందు తెలుపులో కలిసిపోవుచుండు ఎఱుపేదియో అదియే యీ వన్నె. పెద్దలు దీనిని పాటలవర్ణ మనిరి. తెలుపునందలి మిరుమిట్లు గాని, ఎఱుపునందలి తీక్ష్ణత గాని దీనియందు లేవు. అయినను దీనితో నొక చిక్కు గలదు. ఇది వెలుతురునకు మిక్కిలి లొంగునట్టి వన్నె. ఒక గదిలో మనోహరముగా నుండునదే మఱియొక గదిలో పిల్లలకు పోయు తీపిమందువలె వెగటుగా దోచును. అందుచేత నీ వన్నెను గోరువారు దుకాణములోని నమూనాకాగితమును గాక, తమ గది వెలుతురును జూచి నిర్ణయించుకొనవలయును. ఈ వ్యాసమున ముఖ్యముగా జెప్పదలచిన దిదియే.

ఇది పరదేశపు వేడుక యని కొంద రందురు. అది సరికాదు. సున్నమును, ఎఱ్ఱమన్నును ఎఱిగిన మన దేశమునకు ఈ వన్నె క్రొత్తది గాదు. తెల్లసున్నపు గోడలకు అడుగున కావిపట్టెలు దీర్చుట మన పల్లెలయందు నేటికిని గలదు. ఆ కావినే చిటికెడు సున్నములో గలిపినచో గులాబిచాయ వచ్చును. 1727లో నిర్మింపబడిన జయపురమునకు గులాబినగరమను పేరు దెచ్చినదియు గేరు అనబడు నిట్టి యెఱ్ఱమన్నే. 1876లో నింగ్లండు యువరాజు రాక సందర్భమున మహారాజు సవాయి రామసింగు ఆ నగరమున కీ రంగు వేయించెనని ప్రసిద్ధి. ఆ ప్రాకార నగరము 2019లో యునెస్కోవారి ప్రపంచ వారసత్వ పట్టికలో జేరినది. అయితే వీధులకు దగిన యా ముదురు వన్నె పడకగదికి దగదు. మనకు వలసినది దానికి మిక్కిలి లేతయైనది.

గులాబివన్నె ఆడుపిల్లలకు మాత్రమే తగునను మాటయు నిరాధారమే. 1918లో అమెరికాయందలి యొక శిశువస్త్ర వ్యాపారపత్రిక గులాబిని మగపిల్లలకును, నీలమును ఆడుపిల్లలకును విధించినది. రాజస్థానమున పురుషులు గులాబి తలపాగలు ధరించుట నేటికిని గలదు. కావున అన్నయు చెల్లెలును గలిసి చదువుకొను గదికి నీ వన్నెవేయుటకు సంకోచింప నక్కఱలేదు. అట్లే, ఈ రంగు కోపమును శాంతింపజేయునను ప్రచారమును నమ్మి మోసపోరాదు. 1979లో అమెరికాయందలి సియాటిల్ నౌకాదళపు చెరసాలలో నొక గదికి ముదురు గులాబిరంగు వేసి, ఖైదీలు నెమ్మదించిరని ప్రకటించిరి. తరువాత జాగ్రత్తగా జేసిన పరిశోధనలలో నది రుజువు కాలేదు. గృహశాంతి గృహస్థుల నడవడిచే గలుగును గాని రంగుడబ్బాచే గలుగదు.

ఇక వెలుతురు సంగతి. ఉత్తరపు కిటికీ మాత్రమే గల గదిలోనికి సంవత్సరములో నధికభాగము ఎండ నేరుగా రాదు; ఆకాశపు నీలికాంతియే వచ్చును. నీలిచాయగల గులాబిని అచ్చట వేసినచో గోడ బూడిదవన్నెకు దిరుగును. అట్టి గదికి రవంత పసుపుచాయ గలిసిన గులాబి మేలు. పడమటి గదిలో సాయంకాలపు టెండ తగిలినప్పుడు అదే వన్నె నారింజవలె మండును. అచ్చటికి తెలుపు హెచ్చుగా నున్నదానిని గ్రహింపవలయును. కిటికీయెదుట దట్టమైన చెట్టున్నచో, దాని పచ్చని నీడ గులాబిని మందగింపజేయును. రాత్రి దీపమును మఱువరాదు. ఎల్‌ఈడీ దీపపు డబ్బాపై 6500 కెల్విన్ అని యున్నచో ఆ కాంతి తెల్లగా, చల్లగా నుండి గోడను పాలిపోవజేయును. 2700 లేక 3000 అని యున్న దీపము ఈ వన్నెకు జీవము నిచ్చును. రంగు మార్చుటకంటె దీపము మార్చుట తక్కువ ఖర్చుగదా!

కావున ముందుగా చిన్నడబ్బా తెప్పించి, కిటికీకి ఎదుటి గోడపై నొకచోటను, ప్రక్కగోడపై నొకచోటను రెండడుగుల చదరముగా రెండేసి పూతలు వేయింపుడు. ఒక దినము ఆరనిచ్చి, ఉదయమున, మధ్యాహ్నమున, సంధ్యవేళ, దీపకాంతిని పరీక్షింపుడు. నాలుగు గోడలును ఒకదానిపై నొకటి కాంతిని ప్రసరింపజేయుటచే, గదియంతయు వేసినపిమ్మట వన్నె నమూనాకంటె ముదురుగా గనబడును. మనసునకు నచ్చినదానికంటె నొక మెట్టు లేతదానిని దీసికొనుట మంచిది.

పైకప్పునకు మీగడతెలుపు చాలును. టేకు తలుపులకును, ఇత్తడిసామానునకును ఈ వన్నె చక్కని జోడు. కడప నల్లరాయి, తాండూరు బూడిదవన్నె రాయి పఱచిన నేలలు దీనికి గాంభీర్యము నిచ్చును. ఎఱ్ఱ సిమెంటు నేల యున్నచో దాని చాయ గోడలపై బడును గనుక గులాబిని మఱింత తగ్గింపవలయును. తెరలకు తెల్లఖద్దరు గాని, ఆకుపచ్చ అంచుగల మంగళగిరి నూలుబట్ట గాని తగును. గూటిలో రెండు కొండపల్లి బొమ్మలు చాలును. గోడనిండ పటములు వ్రేలాడగట్టినచో వన్నె కనబడనే కనబడదు. వంటయింట నూనెయు, పసుపును తప్పక అంటును. అచ్చట కడుగుటకు వీలైన రంగు వేయుడు.

గోడ ఆరోగ్యముగా నుండనిది యే వన్నెయు నిలువదు. చెమ్మగిల్లి యుప్పు పూసిన గోడపై రంగు వేసినచో పొలుసులై రాలును. ముందు నీరుకారుచోటు కనిపెట్టి బాగుచేయింపవలయును. క్రొత్త సిమెంటు పూతను సుమారొక నెల యాఱనీయవలయును. అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక యొకటి గలదు. పాత రంగులలో సీస ముండవచ్చును. దానిని పొడిగా గీకినచో లేచు దుమ్ము శిశువుల మెదడునకును, గర్భిణీస్త్రీలకును హాని చేయును. 2017 నవంబరు 1వ తేదీనుండి అమలులోనున్న నిబంధనల ననుసరించి, మన దేశమున నింటిరంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదు. పాత గోడలకీ రక్షణ లేదు. కావున తడిపి గీకింపుడు. ఆ దినములలో పిల్లలను, గర్భిణులను వేఱొకచోట నుంపుడు. నేలను చీపురుతో నూడ్వక తడిగుడ్డతో దుడువుడు.

ఖర్చు తెలియగోరువారు గోడను తామే కొలుచుకొనవచ్చును. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తుగల గదికి గోడలు 440 చదరపు టడుగులు. అందులో 3 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తుగల తలుపొకటియు, నాలుగేసి యడుగుల చదరపు కిటికీలు రెండును దీసివేయగా 387 మిగులును. లీటరు రంగు రెండు పూతలకు 60 చదరపు టడుగులు వచ్చునని డబ్బాపై నున్నచో, ఆఱున్నర లీటర్లు చాలును. రంగంతయు నొక్కసారియే కలిపించి, దాని సంఖ్యను వ్రాసి దాచుకొనుడు. మఱియొకనాడు కలిపించినది చాయ తప్పవచ్చును.

సున్నము వేయువారు కావిని ముందుగా నీటిలో నానబెట్టి, వడగట్టి, కొలిచి కలుపవలయును. మన్నురంగులు సున్నమునకు నిలుచును. బట్టల కద్దు రంగులు పెక్కులు నిలువవు. తడిగా నున్నప్పుడు ముదురుగా గనబడు సున్నము ఆఱినపిమ్మట మిక్కిలి తేలును గనుక తొందరపడి కావి హెచ్చింపరాదు. ఎమల్షన్ రంగు వేసియున్న గోడను సున్నము పట్టదు. కన్నులలో పడకుండ జాగ్రత్త వహింపవలయును.

ధనమున్నవారు దుకాణపు రంగును, లేనివారు సున్నమును కావిని గ్రహింతురు గాక. పరీక్షించి వేసినదే యిరువురకును శోభ నిచ్చును. మీ గది కిటికీ యే దిక్కున నున్నదో, ఆ గదిలో నెవరు ఏ వేళ కూర్చుందురో మీ కంటె నెఱిగినవారు లేరు. ఆ యెఱుకతో, ఇంటివారందఱి యిష్టమును గనుగొని, మీ గోడల వన్నెను మీరే నిర్ణయింపుడు.