ప్రథమ చికిత్స సంచి (గుంటూరు, ప్రకాశం మైదానాలు)

ప్రథమ చికిత్స సంచి అనగా గాయం, విషప్రభావం, వడదెబ్బ వంటి ఆపదలు సంభవించినపుడు వైద్య సహాయం అందేలోగా వాడుకోవడానికి వెంట తీసుకువెళ్ళే కొద్దిపాటి వస్తువుల సముదాయం. కార్యాలయాలలో గోడకు తగిలించే ప్రథమ చికిత్స పెట్టెకూ దీనికీ ముఖ్యమైన భేదం ఉంది. పెట్టె ఒకచోట స్థిరంగా ఉంటుంది. సంచి మనిషితోపాటు పొలానికి, కల్లానికి, బడికి, ప్రయాణానికి వెళుతుంది. అందువలన ఇది చిన్నదిగా, తేలికగా ఉండాలి. ఇందులోని వస్తువులను ఆ ప్రాంతంలో తరచుగా ఎదురయ్యే ప్రమాదాలను బట్టి ఎంచుకోవాలి. పత్తి, మిరప విస్తారంగా పండే గుంటూరు, ప్రకాశం మైదానాలకు అనువైన ప్రథమ చికిత్స సంచిని గురించి ఈ వ్యాసం వివరిస్తుంది.

ప్రాంతం, ప్రమాదాల స్వభావం

ఆంధ్ర ప్రదేశ్‌లోని ఈ నల్లరేగడి మైదానాలు పత్తికి, మిరపకు ప్రసిద్ధి. 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు 1972లో ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఈ ప్రాంతం నుండి పల్నాడు, బాపట్ల జిల్లాలు ఏర్పడ్డాయి. గుంటూరు మిర్చి యార్డు దేశంలోని అతి పెద్ద మిరప విపణులలో ఒకటి.

ఇక్కడి ప్రమాదాలు పంటల కాలాన్ని అనుసరించి మారుతూ ఉంటాయి. వానాకాలంలో పాము కాట్లు, పైరు ఎదిగే దశలో పురుగుమందుల ప్రభావం, పత్తి తీతలో చేతులకు గీరుకుపోవడం, మిరప కోతలోనూ తొడిమలు తీసేటపుడూ చర్మపు మంట, వేసవిలో వడదెబ్బ సాధారణం. కోతల కాలంలో కూలీలు ఆటోలలో, ట్రాక్టర్లలో కిక్కిరిసి ప్రయాణించడం వలన రోడ్డు ప్రమాదాలు కూడా జరుగుతుంటాయి. 2020 మేలో ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలంలో మిరప కూలీలతో వస్తున్న ట్రాక్టరు విద్యుత్ స్తంభాన్ని ఢీకొనగా పలువురు మరణించారు.

చాలా పొలాలు ఊరికి దూరంగా ఉంటాయి. గుంటూరు, ఒంగోలు నగరాలలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులకు చేరడానికి ఎంతో సమయం పడుతుంది. ఈ మధ్య కాలంలో చేసే మంచి పనితోపాటు, చేయకుండా మానుకొనే చెడ్డ పని కూడా ప్రాణాన్ని కాపాడుతుంది.

చరిత్ర

ప్రథమ చికిత్సలో సామాన్యులకు శిక్షణ ఇవ్వడానికి 1877లో ఇంగ్లాండులో సెయింట్ జాన్ అంబులెన్స్ సంస్థ ఏర్పడింది. 1888లో అమెరికాకు చెందిన జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థ రైలు మార్గాల కార్మికుల కోసం ప్రథమ చికిత్స పెట్టెలను తయారుచేసి అమ్మింది. అదే సంస్థలో ఉద్యోగి అయిన ఎర్ల్ డిక్సన్ 1920లో అంటుకొనే పట్టీని రూపొందించాడు. భారతదేశంలో 1920లో శాసనం ద్వారా ఇండియన్ రెడ్ క్రాస్ సొసైటీ ఏర్పడింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 45వ విభాగం ప్రకారం కర్మాగారాలలో ప్రతి 150 మంది కార్మికులకు కనీసం ఒక ప్రథమ చికిత్స పెట్టె ఉండవలసి ఉండేది. ఈ చట్టం పరిధిలోకి వచ్చిన జిన్నింగు మిల్లులకు ఈ నియమం వర్తించింది. పొలంలో పనిచేసే కూలీ మాత్రం కర్మాగార కార్మికుడు కాదు. అతనికి ఆ రక్షణ లేకపోవడం వలననే వెంట ఉండే సంచి అవసరం పెరుగుతుంది.

సంచిలో ఉండవలసిన వస్తువులు

తడి తగలని జిప్పు సంచి గాని, గట్టి మూత గల ప్లాస్టిక్ డబ్బా గాని సరిపోతుంది. నీరు కాక మొత్తం బరువు అరకిలో మించకుండా చూసుకుంటే రోజూ మోయడం కష్టం కాదు.

• శుద్ధి చేసిన గాజు గుడ్డ ముక్కలు (విడివిడిగా మూసిన పొట్లాలు) – 6
• చుట్టు కట్టు గుడ్డ – 2
• 10 సెంటీమీటర్ల వెడల్పు గల క్రేప్ బ్యాండేజి – 1
• అంటుకొనే పట్టీలు – 10. అంటుకొనే టేపు చుట్ట – 1
• ముక్కోణపు గుడ్డ, లేదా శుభ్రమైన తువాలు – 1
• నైట్రైల్ చేతితొడుగులు – 2 జతలు
• పోవిడోన్ అయొడిన్ లేపనం – 1 చిన్న గొట్టం
• చిన్న సబ్బు – 1
• ఓ.ఆర్.ఎస్. పొట్లాలు – 2
• పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్రలు – 1 పట్టీ
• మొన మొద్దుగా ఉన్న కత్తెర, ముల్లు తీసే పట్టకారు, పిన్నీసులు
• చిన్న టార్చి లైటు
• పేరు, రక్త వర్గం, పడని మందులు, రోజూ వాడే మందులు, ఇంటివారి ఫోను సంఖ్య రాసిన కాగితం

వీటితోపాటు కనీసం ఒక లీటరు మంచినీరు ఉండాలి. ఈ ప్రాంతపు ప్రమాదాలలో పలువాటికి మొదట కావలసినవి నీరు, సబ్బు. ఆస్తమా, మధుమేహం, గుండె జబ్బు ఉన్నవారు వైద్యుడు రాసిచ్చిన మందులను కూడా ఇందులో ఉంచుకోవాలి.

దూదిని తెరచిన గాయం మీద నేరుగా ఉంచరాదు. దాని పోగులు గాయానికి అంటుకుపోతాయి. చేలో అప్పుడే తీసిన పత్తిని గాయానికి అద్దడం మరింత ప్రమాదకరం. దానిలో దుమ్ము, సూక్ష్మజీవులు, చల్లిన మందుల అవశేషాలు ఉండవచ్చు.

గాయాలు

రక్తం కారుతున్నపుడు గాజు గుడ్డను గాయం మీద ఉంచి కనీసం 10 నిముషాలు ఆపకుండా అదిమి పట్టాలి. మధ్యమధ్య ఎత్తి చూడకూడదు. గుడ్డ తడిస్తే దానిని తీయకుండా పైన మరొకటి వేయాలి. కొడవలి కోతలు, మట్టి అంటిన గాయాల విషయంలో ధనుర్వాతపు టీకా గురించి వైద్యుని సంప్రదించాలి. కంటిలో పత్తి పుల్ల వంటిది గుచ్చుకుంటే లాగరాదు. కాగితపు కప్పును కంటిమీద ఒత్తిడి పడకుండా బోర్లించి టేపుతో అంటించి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

కుక్క కరచినపుడు గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిముషాలు కడగాలి. కొన్ని ఊళ్ళలో కుక్కకాటు మీద కారం అద్దే అలవాటు ఉంది. దీనివలన గాయం రేగుతుందే తప్ప రేబిస్ వైరస్ నశించదు. కడిగిన వెంటనే అదే రోజు టీకా వేయించుకోవాలి. లక్షణాలు మొదలైన తరువాత రేబిస్ దాదాపు ఎల్లప్పుడూ ప్రాణాంతకమే.

మిరప మంట

మిరపలోని మంటకు కారణం కాప్సైసిన్ అనే పదార్థం. ఇది చర్మాన్ని కాల్చదు. వేడిని గ్రహించే నాడీ గ్రాహకాలను ప్రేరేపించి కాలిన భావన కలిగిస్తుంది. ఈ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమతిని పంచుకున్నాడు. కాప్సైసిన్ నీటిలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. కాబట్టి చేతులు మండుతున్నపుడు ముందుగా వంటనూనె రాసి తుడిచి, తరువాత సబ్బుతో కడగాలి. నోటి మంటకు నీటికంటే పాలు, పెరుగు మేలు.

కంటికి ఈ పద్ధతి పనికిరాదు. కంటిలో నూనె గాని, పాలు గాని పోయరాదు. కళ్ళు నలపకుండా శుభ్రమైన నీటితో 15 నిముషాలు కడగాలి. కాంటాక్టు లెన్సులు ఉంటే చేతులను సబ్బుతో కడిగి వాటిని తీసివేయాలి. చూపు మసకబారినా, నొప్పి తగ్గకపోయినా కంటి వైద్యుని చూడాలి. కల్లంలో మిరప ఘాటుకు ఆయాసపడే ఆస్తమా రోగిని గాలి వచ్చే చోటికి తరలించాలి.

పురుగుమందులు

పత్తి, మిరప పంటలపై మందుల వాడకం ఎక్కువ. 2021–22 పంటకాలంలో ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో మిరపను నల్ల తామర పురుగు తీవ్రంగా దెబ్బతీసింది. ఎండోసల్ఫాన్‌ను సుప్రీం కోర్టు 2011లో నిషేధించింది. మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణాన్ని నిషేధిస్తూ 2023లో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అయినా విషపూరితమైన ఇతర మందులు వాడుకలో ఉన్నాయి. డబ్బా మీది రంగు గుర్తు విష తీవ్రతను తెలుపుతుంది: ఎరుపు – అత్యంత విషపూరితం, పసుపు – అధిక విషపూరితం, నీలం – మధ్యస్థం, ఆకుపచ్చ – స్వల్పం.

ఆర్గానోఫాస్ఫేట్ మందుల విషప్రభావం వలన కంటిపాపలు చిన్నవగుట, నోటి వెంట చొంగ, చెమట, వాంతులు, కండరాల అదురు, ఊపిరాడకపోవడం కనిపిస్తాయి. స్ప్రే చేసే మనిషి ఇలా అస్వస్థుడైనపుడు:

1. సహాయకుడు ముందుగా చేతితొడుగులు వేసుకోవాలి. లేనిచో అతనికి కూడా విషం సోకుతుంది.
2. బాధితుని మందు చల్లిన చోటు నుండి దూరంగా, గాలి వచ్చే చోటికి చేర్చాలి.
3. తడిసిన బట్టలన్నీ తీసివేసి ఒంటిని, జుట్టును సబ్బుతో, ధారాళమైన నీటితో కడగాలి.
4. మందు మింగినట్లయితే వాంతి చేయించరాదు. ఉప్పునీరు, పాలు, పేడనీరు తాగించరాదు. అవి ఊపిరితిత్తులలోకి పోయి ప్రాణం తీయవచ్చు.
5. స్పృహ తప్పి, ఊపిరి ఆడుతున్న వ్యక్తిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.
6. మందు డబ్బాను, లేదా దాని చీటీ ఫోటోను ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఈ విషానికి వాడే అట్రోపిన్‌ను ఆసుపత్రిలో రోగి స్థితిని గమనిస్తూ ఇస్తారు. దానిని సంచిలో ఉంచుకోరాదు. మందును కావాలని తాగిన వ్యక్తికి కూడా ఇదే చికిత్స అవసరం. అతడు బాగానే కనిపించినా ఒంటరిగా వదలకుండా, నిందించకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో పనిచేసే జాతీయ విష సమాచార కేంద్రం ఫోను ద్వారా సలహా ఇస్తుంది (1800 116 117).

పాము కాటు, తేలు కాటు

భారతదేశంలో 2000 నుండి 2019 వరకు పాము కాటు వలన సుమారు 12 లక్షల మంది మరణించారని 2020లో ప్రచురితమైన ఒక అధ్యయనం అంచనా వేసింది. అధిక మరణాలు గల రాష్ట్రాలలో ఆంధ్ర ప్రదేశ్ ఒకటి. ఎక్కువ మరణాలకు కారణమైన పాములు నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. కట్లపాము సాధారణంగా రాత్రివేళ నేలపై నిద్రించేవారిని కరుస్తుంది. దాని కాటు గుర్తు కనిపించకపోవచ్చు, నొప్పి కూడా ఉండకపోవచ్చు. అందుచేత సంచిలో టార్చి లైటు అవసరం.

పాము కరచినపుడు బాధితునికి ధైర్యం చెప్పి, నడవనీయకుండా, కరచిన అవయవాన్ని కదలకుండా ఉంచాలి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, చెప్పులు తీసివేయాలి. కాలైతే కర్ర బద్దను ఆసరాగా పెట్టి క్రేప్ బ్యాండేజితో వదులుగా కట్టవచ్చు. చేయైతే ముక్కోణపు గుడ్డతో మెడకు వేలాడదీయాలి. తాడుతో బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, పసరు పూయడం, మంత్రం కోసం వేచి ఉండడం చేయరాదు. బిగించిన తాడు వలన రక్తప్రసరణ ఆగి కాలు కుళ్ళిపోవచ్చు. పామును పట్టుకోవడానికి ప్రయత్నించరాదు. ఈ నాలుగు పాముల విషానికి ఒకే విరుగుడు మందు ఆసుపత్రిలో ఇస్తారు. కరచిన సమయం, కనిపించిన లక్షణాలు చెబితే చాలు.

ఎర్ర తేలు కాటు పిల్లలలో గుండెకు ప్రమాదం కలిగించవచ్చు. కుట్టిన తరువాత చెమటలు, వాంతులు, చేతులు కాళ్ళు చల్లబడటం కనిపిస్తే ఆలస్యం చేయరాదు.

వడదెబ్బ

పల్నాటిలోని రెంటచింతల వేసవి ఎండలకు పేరుపొందింది. 2015 మేలో వచ్చిన వడగాలులకు ఆంధ్ర ప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా మరణించారు. తీవ్రంగా నష్టపోయిన జిల్లాలలో ప్రకాశం ఒకటి.

చెమట, నీరసం, తలతిప్పు ఉండి స్పృహ సరిగా ఉన్నవారిని నీడకు చేర్చి ఓ.ఆర్.ఎస్. తాగించాలి. పెద్ద పొట్లాన్ని ఒక లీటరు నీటిలో మొత్తం కలపాలి. సగం సగం కలపరాదు. పొట్లం లేనిచో ఒక లీటరు నీటిలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు సమంగా కొలిచి కలపవచ్చు. మాట తడబడినా, మతి తప్పినా, మూర్ఛ వచ్చినా అది వడదెబ్బ. అపుడు నోటిలో ఏమీ పోయకుండా, ఒళ్ళంతా నీటితో తడిపి విసురుతూ ఆసుపత్రికి తరలించాలి. వడదెబ్బకు పారాసిటమాల్ పనిచేయదు.

విద్యుద్ఘాతం, రోడ్డు ప్రమాదం

మోటారు వద్ద గాని, తెగిన తీగ వద్ద గాని విద్యుద్ఘాతానికి గురైన వ్యక్తిని విద్యుత్ ఆపక ముందు తాకరాదు. తెగిపడిన పెద్ద తీగల వద్దకు విద్యుత్ సిబ్బంది సరఫరా నిలిపివేసే వరకు ఎవరూ వెళ్ళకూడదు. రోడ్డు ప్రమాద బాధితుని మెడను, వెన్నును కదలకుండా చూడాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 134ఎ విభాగం సద్భావంతో సహాయం చేసినవారికి చట్టపరమైన రక్షణ కల్పిస్తుంది. 2005లో ప్రారంభమైన 108 అంబులెన్సు సేవను గాని, దేశమంతటికీ వర్తించే 112 సంఖ్యను గాని పిలవాలి.

నిర్వహణ

మాత్రలు, లేపనాలు అధిక వేడిలో చెడిపోతాయి. సంచిని ఎండలో నిలిపిన మోటారు సైకిలు పెట్టెలో, ట్రాక్టరు మీద వదలరాదు. పురుగుమందులు ఉంచే గదిలో గాని, ఆ డబ్బాలు మోసే సంచిలో గాని దీనిని పెట్టరాదు. నెలకొకసారి గడువు తేదీలు చూసి, వాడిన వస్తువును వెంటనే భర్తీ చేయాలి. సంచి ఎక్కడ ఉన్నదో ముఠాలోని కూలీలందరికీ తెలిసి ఉండాలి. అది ఒక్కరికే తెలిసి, ఆ ఒక్కరే ప్రమాదానికి గురైతే ప్రయోజనం ఉండదు.

పరిమితులు

ఈ సంచి వైద్యానికి ప్రత్యామ్నాయం కాదు. పాము విషానికి, పురుగుమందుకు, వడదెబ్బకు అసలు చికిత్స ఆసుపత్రిలోనే లభిస్తుంది. కట్టు చక్కగా కట్టడం కోసం ప్రయాణాన్ని ఆలస్యం చేయరాదు. వస్తువుల కన్నా వాటి వాడకంలో శిక్షణ ముఖ్యం. ప్రతి సంవత్సరం సెప్టెంబరు రెండవ శనివారాన్ని ప్రపంచ ప్రథమ చికిత్స దినంగా పాటిస్తారు. పాఠశాలలలో ఇటువంటి శిక్షణ ఇచ్చినట్లయితే విద్యార్థుల ద్వారా ఈ విషయాలు పొలం పనులకు వెళ్ళే పెద్దలకు కూడా చేరుతాయి.

ఇవి కూడా చూడండి

• ప్రథమ చికిత్స
• పాము కాటు
• వడదెబ్బ
• మిరప
• పత్తి
• గుంటూరు జిల్లా
• ప్రకాశం జిల్లా